చెల్లి అప్పజెప్పిన పుస్తకం

గ్రీకు నేర్చుకుంటానని మా చెల్లి చెప్పిన రోజు నేను దాన్ని కొట్టినంత పని చేశాను. 2009 చివరి రోజులు. అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు మీద రెండు గదుల పోర్షన్ మాది. నాయన పోయాక భువనగిరి అవతల ఉన్న మా ఊరి నుంచి అమ్మను కూడా తెచ్చేసుకున్నాను. నేను నారాయణగూడలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. చెల్లి చరిత్రలో ఎమ్మే పూర్తి చేసింది. ఇక గ్రూప్స్ రాసి ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకుంటే నా నెత్తి మీద బరువు దిగుతుందని నా ఆశ. మా గల్లీలో గాలి పీల్చేవాళ్ళందరూ గ్రూప్స్‌కు చదివేవాళ్ళే. అలాంటి చోట కూర్చుని, ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ తీస్తూ, ఇది గ్రీకు అంటుంది!

"గ్రీకుల నోటిఫికేషన్ పడ్డదానే?" అన్నాను.

"నవ్వకక్కా. నిజంగనే అంటున్న."

"నేను కూడా నిజంగనే అడుగుతున్న. ఏ పోస్టులు? ఏ జోను?"

అది ఉల్లిగడ్డలు నా ముందుకు తోసి లేచి వెళ్ళిపోయింది. దానికి కోపం వచ్చిందంటే అరవదు, అన్నం మానేస్తుంది. ఆ అలవాటు చిన్నప్పటిది. రెండు పూటలు తినకపోయేసరికి నేనే దిగివచ్చి, అసలు సంగతేమిటో చెప్పమన్నాను.

సంగతి మా అమ్మ ఏడుపు. మా ఊళ్ళో ఎవరన్నా చనిపోతే అమ్మకు కబురొచ్చేది. అమ్మ వెళ్ళి శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడిస్తే, అప్పటిదాకా బిగబట్టుకున్న ఇంటివాళ్ళకు కూడా ఏడుపు పెగిలేది. అందరి ఆడవాళ్ళలా చచ్చిపోయిన మనిషిని పొగుడుతూ ఏడవదు మా అమ్మ. తిడుతుంది. దూడకు కుడితి ఎవరు పోస్తరురా అని తిడుతుంది, పిల్ల పెండ్లి మాట నడిమిట్ల ఇడిసి పోతవా, సిగ్గున్నదా నీకు అని తిడుతుంది. నగరానికి వచ్చాక ఆమెకు ఆ పని లేకుండా పోయింది. ఒకసారి మా పక్క బిల్డింగులో ముసలాయన పోతే, పరిచయం లేకపోయినా అమ్మ దిగి వెళ్ళి మొదలుపెట్టింది. ఆ ఇంటి కోడలు వచ్చి, "అమ్మా, కొంచెం మెల్లగా, పైన పిల్లలకు పరీక్షలున్నాయి" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మెట్లెక్కి వచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, కిందికి వెళ్ళి దులిపేద్దామనుకున్నాను, అమ్మే చెయ్యి పట్టుకుని ఆపింది.

తర్వాత ఎప్పుడో చిక్కడపల్లి లైబ్రరీలో అందరూ కరెంట్ అఫైర్స్ ముందేసుకుని కూర్చుంటే, చెల్లి పాత గ్రీకు నాటకాల ఇంగ్లీషు అనువాదం ఏదో తీసి చదివిందట. వాటిలో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి చనిపోయినవాళ్ళతో మాట్లాడుతూ ఏడుస్తారట. "అక్కా, అచ్చం అమ్మ లెక్కనే. రెండున్నర వేల ఏండ్ల కింద. ఇంగ్లీషుల చదివితేనే గిట్లుంటే, అసలు మాటల్ల ఎట్లుంటదో!" అని కళ్ళు ఇంత చేసుకుని చెప్పింది. విదేశాల్లో దీని మీద పరిశోధన చేసే డిగ్రీలున్నాయట, గ్రీకు వస్తే తీసుకుంటారట. దాని మొహం చూశాక కాదనడానికి నాకు నోరు రాలేదు. అయినా ఊరికే ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు గనుక, "రెండేండ్లు చూస్త. తర్వాత గ్రూప్స్ రాయకపోతే నీ బుక్కులన్నీ తూకానికేస్త" అన్నాను.

హైదరాబాదులో గ్రీకు చెప్పేదెవరు? వాకబు చేయగా చేయగా చివరికి నారాయణగూడలో ఒక అయ్యగారు దొరికారు. పాస్టర్లకు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన, గుంటూరు వైపు మనిషి, బైబిలును గ్రీకులో చదవగలరు. నేనే చెల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని దాన్ని కిందా మీదా చూశారు.

"అమ్మాయ్, నీకు ప్రభువు మీద నమ్మకం ఉందా?"

"లేదండి" అంది చెల్లి. నేను దాని జబ్బ మీద గిల్లాను.

"పొద్దున్నే లేచే అలవాటుందా?"

"ఉందండి."

"అయితే చాలు, కూర్చో. కానీ ముందే చెప్తున్నాను. నాకొచ్చింది బైబిల్లో చేపలు పట్టుకునేవాళ్ళ గ్రీకు. నీకు కావలసింది నాటకాలు రాసేవాళ్ళది. కొంత దూరం నేను తీసుకెళ్తాను, తర్వాత నువ్వే నడుచుకోవాలి."

ఆయనది పాత పద్ధతి. పాఠం నోటికి వస్తేనే తర్వాత పాఠం. ఏ పదమైనా ఎన్ని రూపాలు మారుతుందో అన్నీ గడగడా చెప్పాలి, ఎక్కడ తడబడినా మళ్ళీ మొదటి నుంచి. ఆ పద్ధతి చెల్లికి కొత్త కాదు. మేమందరం అలాగే చదువుకున్నాం. మా గల్లీ మొత్తం అలాగే చదువుతుంది. సాయంత్రం అయిందంటే మా డాబా మీద నీళ్ళ ట్యాంకుల చుట్టూ హాస్టలు పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతుంటారు. ఒకరు రాజ్యాంగం అప్పజెప్పుకుంటారు, ఒకరు పంచవర్ష ప్రణాళికలు. వాళ్ళ మధ్యలో మా చెల్లి గ్రీకు క్రియలు. ఒకసారి ఖమ్మం నుంచి వచ్చిన పిల్ల ఒకతి దాన్ని ఆపి, "అక్కా, ఇది ఏ పేపర్ల వస్తది? మా సార్ చెప్పలే" అని పరేషాన్ అయిపోయింది. ఆ మాట తలుచుకుని మేము వారం రోజులు నవ్వుకున్నాం.

గ్రీకు సంగతి అలా నడుస్తుంటే ఇంగ్లీషు భయం పట్టుకుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియం మాది. చెల్లికి చదివితే అర్థమవుతుంది గానీ రాయమంటే వాక్యం వంకర్లు పోతుంది. మంచి ఇంగ్లీషు బైహార్ట్ చేస్తే అదే నోటికి వచ్చేస్తుందని మాకు బళ్ళో చెప్పారు. అది వేదవాక్కు మాకు. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దానికొక పాత పుస్తకం దొరికింది. పైన అట్ట లేదు, ముందు కాగితాలు ఊడిపోయాయి, ఎవరు రాశారో ఎప్పుడు రాశారో తెలియదు. గ్రీకు నాటకాల్లో ఆడవాళ్ళ దుఃఖం గురించి ఎవరో మహానుభావులు రాసింది. ఎంత నున్నటి ఇంగ్లీషని! నాకు సగం అర్థం కాకపోయినా వినడానికి హాయిగా ఉండేది. చెల్లి దాన్ని పట్టుకుని వదల్లేదు.

రోజూ పొద్దున ఆఫీసుకు ముందు నేను ఆ పుస్తకం పట్టుకుని కూర్చోవాలి, అది అప్పజెప్పాలి. ఒక్క ముక్క అటూ ఇటూ అయినా నేను ఊరుకునేదాన్ని కాదు. "అండ్ కాదే, బట్. మళ్ళ చెప్పు" అనేదాన్ని. పేజీ పూర్తయ్యేదాకా టిఫిన్ పెట్టేదాన్ని కాదు. అమ్మ వంటింట్లోంచి, "పిల్లను సంపుకు తింటున్నవ్" అని నన్ను తిట్టేది. ఉద్యమం రోజులు అవి. బంద్ అయితే ఆఫీసు ఉండదు, బస్సులు ఉండవు, ఆ రోజు ఇంకో రెండు పేజీలు ఎక్కువ. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం మొత్తం దాని నాలుక మీద ఉంది.

అప్లికేషన్‌తో పాటు ఒక వ్యాసం రాయాలన్నారు. అది మాత్రం చెల్లి సొంతంగా, దాని వంకర ఇంగ్లీషులోనే రాసింది. మా అమ్మ ఎలా ఏడుస్తుందో, ఎందుకు తిడుతుందో, పక్క బిల్డింగులో ఏం జరిగిందో రాసింది. అయ్యగారు చదివి, వ్యాకరణం నాలుగు చోట్ల దిద్ది, మిగతాది ముట్టుకోనని పక్కన పెట్టారు. చిక్కడపల్లి చౌరస్తా దగ్గర నెట్ సెంటర్లో కంప్యూటర్ ముందు ఇంటర్వ్యూ. ఇంగ్లండులో ఒక చిన్న ఊరి యూనివర్సిటీ అది. తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ ఒకావిడ తెర మీద కనిపించి, గ్రీకు గురించి రెండు ప్రశ్నలడిగి, ఆ తర్వాత అంతా అమ్మ గురించే అడిగింది. నేను బయట కుర్చీలో కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాను. చెల్లి చేతులు తిప్పుతూ తిప్పుతూ చెబుతోంది. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది.

సీటు వచ్చింది. ఫీజూ, ఉండడం, తినడం అన్నీ వాళ్ళే చూసుకుంటామన్నారు. 2012లో, దసరాకు ముందే వెళ్ళిపోయింది. బయల్దేరే ముందు అమ్మ దాని గడ్డం పట్టుకుని రాగం అందుకుంది. "పోయినోళ్ళకు ఏడ్సినట్టు ఏడుస్తవేందే, శుభమా అని పోతుంటే" అని నేను కసిరాను. అమ్మ ఠక్కున ఆపేసి, నవ్వి, దాని బ్యాగులో ఇంకో డబ్బా పచ్చడి కుక్కింది. బరువెక్కువైందని ఆ అట్ట లేని పుస్తకం తీసి ఇంట్లో పెట్టేసింది చెల్లి. "అంతా నోటికే వచ్చు కదా, ఇంకెందుకు" అంది.

ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. మొదట్లో అన్నీ మంచి మాటలే. చలి, ఆకులు రాలే చెట్లు, పొద్దున్నుంచీ తెరిచుండే లైబ్రరీ. తర్వాత తర్వాత గొంతు సన్నబడింది. అక్కడ పక్కన కూర్చునేవాళ్ళు చిన్నప్పటి నుంచి గ్రీకూ లాటినూ చదువుకున్నవాళ్ళు. నోరు తెరిస్తే ఇంగ్లీషు నల్లా తిప్పినట్టు వస్తుందట. ఇది మాట్లాడితే వాళ్ళు మర్యాదగా ఆగి వింటారట, ఆ మర్యాదే దీనికి సూదిలా గుచ్చుకునేదట. ప్రొఫెసరమ్మ మాత్రం, నువ్వు ముందు రాసినట్టే రాయి, నీకు తోచినట్టు రాయి అనేదట.

"మరి గట్లనే రాయరాదు?" అన్నాను నేను.

"నీకు తెల్వదక్కా. నేను రాసింది మళ్ళ చదువుకుంటె నాకే సిగ్గయితున్నది. చింపేసి మళ్ళ రాస్తున్న. ఇప్పుడు జర నయం. మంచి వాక్యాలు వాటంతట అవే వస్తున్నయ్."

ఆ మాట విని నేను సంతోషించాను. దేవుడి దయ వల్ల పిల్ల గాడిన పడిందని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. మొదటి సంవత్సరం అయ్యాక పరిశోధనలో ఒక అధ్యాయం రాసి ఇవ్వాలి, అది చూసి ముందుకు వెళ్ళనిస్తారు. అది ఇచ్చేశానని, బాగా వచ్చిందని చెప్పింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఫోన్ రాలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటుండగా ఫోన్ మోగింది. "అక్కా, ఆ పుస్తకం ఉన్నదా మన దగ్గర? అట్ట లేనిది?"

"ఉన్నది. ఎందుకే?"

"తీసి, ఏదన్న పేజీ సదువు."

ఎంగిలి చెయ్యి కడుక్కుని, బీరువా మీది నుంచి పుస్తకం దించి, ఎక్కడో తెరిచి చదవడం మొదలుపెట్టాను. నేను సగం వాక్యం చదివేసరికి మిగతా సగం అది అవతలి నుంచి చెప్పేసింది. ఇంకో పేజీ తిప్పాను. అదీ అంతే. అప్పుడు దాని గొంతు ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఏమైందే, ఏమైందే అని అరిచాను.

దాని అధ్యాయంలో పేరాలకు పేరాలు ఆ పుస్తకంలోవి. అక్కడ ఎవరో పట్టుకున్నారు. దొంగతనం కింద లెక్కట. కమిటీ వేశారు. ఎక్కడి నుంచి తీశావని అడిగారు. నేనే రాశానంది. నిజంగానే అదే రాశాననుకుంది, మా పిచ్చిది! ఏళ్ళ తరబడి నోట్లో నానిన మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తుంటే, అమ్మయ్య ఇంగ్లీషు వచ్చేసిందనుకుంది. వాళ్ళు పుస్తకం పేరు చెబితే దీనికి ఆ పేరే తెలియదు. పేరున్న కాగితం మేము కొనేటప్పటికే లేదు. ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు?

కమిటీ వాళ్ళు గుర్తులు పెట్టిన అధ్యాయాన్ని చెల్లి స్కాన్ చేసి నాకు మెయిల్ చేసింది. మర్నాడు నెట్ సెంటర్లో ప్రింట్ తీయించి, ఇంటికొచ్చి, ఒక చేతిలో అదీ ఒక చేతిలో పుస్తకమూ పెట్టుకుని కూర్చున్నాను. పసుపు రంగు వేసిన చోటల్లా పుస్తకంలో వాక్యమే. నేను 'బట్' అని సరిదిద్దిన చోట 'బట్' ఉంది. ఆ కమిటీ ముందు నన్ను కూడా నిలబెట్టాల్సింది, నాలుగు మాటలు అడిగేదాన్ని. మీ పిల్లలకు మాటలు పుట్టుకతో వస్తాయి, మా పిల్లలకు ఎక్కడి నుంచి రావాలి అని అడిగేదాన్ని. అడిగి ఏం లాభం, వాళ్ళు పెట్టిన గుర్తులు తప్పు కావు.

అయితే పసుపు లేని చోట్లు కూడా ఉన్నాయి. అవన్నీ అమ్మ గురించి. వంకరగా, ఆగి ఆగి రాసిన వాక్యాలు. వాటిలో ఒకటి ఇలా ఉంది: మా అమ్మ చనిపోయినవాళ్ళను బతిమాలదు, తిడుతుంది, తిట్టాలంటే మనిషి ఎదురుగా ఉండాలి గనుక, తిట్టినంతసేపూ వాళ్ళు ఉన్నట్టే. చదివి నేను నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. ఇది దీనికి ఎప్పుడు తట్టిందో! ఆ వాక్యం పక్కన మార్జిన్‌లో ఎవరో పెన్సిలుతో చిన్నగా రాశారు: ఇది ఎక్కడి నుంచి తీసుకున్నావు?

నా మీద ఒట్టు, నన్ను అంత ఏడిపించిన మాట ఇంకోటి లేదు. పోలీసోడు దొంగ ఇంట్లో సామాను చూసి పెళ్ళిపుస్తెలు కూడా ఎక్కడివని అడిగినట్టుంది. చెల్లికి ఫోన్ చేసి, "అది నీదే కదనే, గది మాత్రం నీదే కద, గట్టిగ చెప్పు వాళ్ళకు" అన్నాను.

"ఏమోనక్కా. మిగతావి కూడా నాయే అనుకున్న కద."

2014 మొదట్లో వచ్చేసింది. డిగ్రీ ఆపేశామని కాగితం ఇచ్చారు. కానీ ఒక దారి మిగిల్చారు. ఏం జరిగిందో తన సొంత మాటల్లో రాసి గడువులోపు అప్పీలు పెట్టుకుంటే మళ్ళీ విచారిస్తారు. ప్రొఫెసరమ్మ కూడా, రాయి, నేను నీ వైపు నిలబడతాను, ఈ నోటికి నేర్చుకునే చదువు నాకు తెలుసు అని చెప్పి పంపింది. ఒక్క కాగితం రాస్తే పోయిన చదువు తిరిగి రావచ్చు. నాకు కొండంత ఆశ.

అమ్మకు సంగతంతా చెప్పడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆమెకు అర్థమైంది ఒక్కటే. "జైల్ల ఏస్తరా బిడ్డా?" అని చెల్లిని అడిగింది.

"లేదమ్మా."

"మరింకేంది. రా, తిను." చెల్లి కూర్చుంది. అన్నం కలిపి, ముద్ద చేసి, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసింది. ఈసారి అది కోపం కాదు.

దాన్ని లాక్కుని అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అప్పటికే బాగా తగ్గిపోయారు, మంచం మీద నుంచి లేవడానికి కూతురి సాయం కావాలి. అంతా విన్నారు.

"జరిగింది జరిగినట్టు రాయి అమ్మాయ్. అలంకారాలొద్దు. వాళ్ళు రాక్షసులు కాదు. అర్థమవుతుంది."

"రాయలేకపోతున్నానండి" అంది చెల్లి. ఆయన దగ్గర అది ఆయన గుంటూరు యాసలోనే మాట్లాడేది.

"నేను చెప్తాను, రాసుకో."

"అప్పుడది మీదవుతుంది కదండి."

ఆయనకు కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి పైకి రాలేదు, కూతురు వచ్చి తుడిచింది. మేము లేచి వచ్చేశాం. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా ఇద్దరం నడిచాం.

ఇక ఇంట్లో మొదలైంది. పొద్దున నేను ఆఫీసుకు వెళ్ళేటప్పుడు కాగితం ముందేసుకుని కూర్చునేది. సాయంత్రం నేను వచ్చేసరికి కొట్టివేతలే. ఒక వాక్యం రాస్తుంది, తలెత్తి నా వైపు చూస్తుంది. "అక్కా, ఇది నాదేనా?"

"నీదే."

"నీకెట్ల తెలుసు?"

"నా ముందలనే రాస్తివి కదనే!"

"గప్పుడు గూడ నేనే రాసిన." గీత కొట్టేసేది.

ఇంగ్లీషు వద్దు, తెలుగులో చెప్పు, అయ్యగారి కూతురు ఇంగ్లీషు చేసి పెడుతుంది అన్నాను. సరే అని మొదలుపెట్టింది. "నేను పేద ఇంట్ల పుట్టి..." అని ఆగింది. "ఇది అందరు అనేదే కద" అంది. ఇంకోటి మొదలుపెట్టి, ఈ మాట ఎక్కడో విన్నానంది. ఇంకోటి పేపర్లో చదివినట్టుందంది. రోజులు గడిచేకొద్దీ మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో ఆగిపోయేది. కూరగాయలవాడితో బేరం చేస్తూ ఆగిపోయేది. నాకు పిచ్చెక్కింది. ఒక సాయంత్రం ఒంటికాలి మీద లేచాను.

"నీది కాకపోతే నీ తాతదా? దునియల ఎవని మాట వానిదే అయితదా? ఏదో ఒకటి రాసి పారెయ్యరాదే! నీ కాళ్ళు మొక్కుత!" అని పెన్ను దాని చేతిలో గుచ్చినంత పని చేశాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

చెల్లి నా కేసి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. "నువ్వన్నట్టు ఏదో ఒకటి రాసిందే అక్కా, ఆ అధ్యాయం" అంది.

గడువు చివరి రోజు నేను సెలవు పెట్టాను. పొద్దున్నే దానికి తలంటి పోశాను, చిన్నపిల్లకు పోసినట్టు. చిక్కడపల్లిలో అదే నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ప్రొఫెసరమ్మకు రాయడానికి తెర తెరిచి ఉంది. "ఒక్క ముక్క రాయి. పుస్తకం నోటికి నేర్చుకున్న, తెల్వక రాసిన అని. గంతే. పంపు" అన్నాను. అది వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది. టైపు చేసింది. చదువుకుంది. వెనక్కి కొట్టుకుంటూ వచ్చింది, ఒక్కొక్క అక్షరం. మళ్ళీ టైపు చేసింది. మళ్ళీ తుడిచింది. పక్క కుర్చీల్లో పిల్లలు హాల్ టికెట్లు ప్రింట్ తీసుకుని వెళ్ళిపోతున్నారు, కొత్తవాళ్ళు వస్తున్నారు. మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. నేను బయట నిలబడ్డాను, లోపల నిలబడ్డాను, దేవుళ్ళందరికీ మొక్కాను, ప్రభువుకు కూడా మొక్కాను.

సాయంత్రం అది తెర మూసేసి లేచి వచ్చింది. పంపావా అని నేను అడగలేదు. ఇంటికొచ్చి, బాత్‌రూంలోకి పోయి నల్లా విప్పి, అమ్మకు వినపడకుండా కడుపారా ఏడ్చాను. నా చెల్లి మీద జాలితో ఏడ్చాను, దాని మీద కోపంతో కూడా ఏడ్చాను.

ఆ ఏడు ఎండాకాలం పోయేసరికి కొత్త రాష్ట్రం వచ్చింది. ఇక నోటిఫికేషన్లు వానలా పడతాయని అందరూ అన్నారు. అశోక్‌నగర్‌లో కాలు పెట్టే సందు లేదు, మెట్ల కింద కూడా మంచాలు వేసి కిరాయికిచ్చారు. ఒకరోజు చెల్లి తనంతట తానే కోచింగ్‌లో చేరి వచ్చింది. నేను వద్దనలేదు, సరే అనలేదు. అక్కడ సారు ఒక జవాబు చెబుతాడు, అందరూ దాన్ని బైహార్ట్ చేసి పరీక్షలో అలాగే దించుతారు. మా చెల్లికి ప్రతి వారం ఫస్టు మార్కు. సారు దాని పేపరు చూపించి మిగతావాళ్ళను తిట్టేవాడట. ఆ ముక్క చెప్పినప్పుడు దాని మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను.

వానలు మొదలైన ఒక ఆదివారం, ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు, ధైర్యం చేసి అడిగాను. "ప్రొఫెసరమ్మ మంచిదేనంటివి కద. ఇప్పుడన్న ఒక ఉత్తరం రాసి చూడరాదు? గడువు పోతే పోయింది, ఇంకో దారి చూపిస్తదేమో. అమ్మ మీద నువ్వు రాసినట్టు ఎవరు రాస్తరు?"

చెల్లి చేతిలో గైడు మూయలేదు. "వద్దక్కా. ఈడనే మంచిగున్నది" అంది. "ఈడ అందరం ఒక్కటే రాస్తం. ఏ మాట ఎవరిదని ఎవరు అడగరు."

తల దించుకుని మళ్ళీ చదువుకోసాగింది. అప్పటికి దానికి ముప్ఫై కూడా నిండలేదు.